వాడ ముచ్చట్లు – 17: సంచి కుట్టాను, వెట్టికి కాదు



తోలు పని మానేసిన మన పెద్దలు సరైన పనే చేశారు. ఈ మాట మొదటే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే కిందికి పోయేకొద్దీ నేను తోలు పనిని పొగుడుతాను, అప్పుడు ఎవరూ "అక్క మళ్లీ కులవృత్తికి పొమ్మంటోంది" అని స్క్రీన్‌షాట్ తీసి తిప్పకూడదు.

సంగతేమిటంటే, పోయిన నెల నేను ఇంట్లో కూర్చుని ఒక తోలు సంచి కుట్టాను. మిషన్ ముట్టకుండా, చేత్తోనే. రెండు కట్టల జవాబు పత్రాలు, ఒక పుస్తకం, ఒక నీళ్ల సీసా పట్టే భుజం సంచి. స్టాఫ్ రూంలో "ఏ బ్రాండ్ మేడం?" అన్నారు. నేనే కుట్టానంటే "అబ్బ, మంచి హాబీ" అన్నారు. మన పిల్లలెవరూ హాబీ అనలేదు. ఎం.ఏ. చదువుతున్న ఒక తమ్ముడు నిలదీసినట్టే అడిగాడు: "అక్కా, ఈ పని తప్పించుకోవడానికి మా తాత ఊరే ఇడిచిపెట్టి పోయిండు. మీరు పీహెచ్‌డీ చేసి మళ్లీ ఆరె పట్టుకున్నారా?"

ఆ ప్రశ్నను గౌరవించాలి. అది బాబాసాహెబ్ దగ్గర నుంచి వచ్చిన ప్రశ్న. 1956 అక్టోబర్ 15న, బౌద్ధం తీసుకున్న మర్నాడు, నాగపూర్‌లో చేసిన ప్రసంగంలో ఆయన ఈ సంగతి ఎత్తారు. చచ్చిన పశువును లాగడం మానేస్తే తోలు మీద, కొమ్ముల మీద, ఎముకల మీద వచ్చే ఆదాయం అంటరానివాళ్లు పోగొట్టుకుంటున్నారని అప్పట్లో లెక్కలు కట్టి పత్రికలకు రాసిన పెద్దమనుషులున్నారు. అంత లాభమైతే మీరే లాగండి, ఆ లాభమూ మీరే ఉంచుకోండి – ఆయన జవాబు సారాంశం ఇది. డెబ్బై ఏళ్లు కావస్తోంది, ఆ లాభం కోసం ఎవరూ ముందుకు రాలేదు.

అయితే మన పెద్దలు మానేసింది ఏమిటి? దాన్ని కొంచెం విడదీసి చూడాలి. మా తాత సంగతే చెప్తాను. దొర బావికి మోట బొక్కెన కట్టాలి, చినిగితే రాత్రికి రాత్రి కుట్టాలి. దొర ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జతల చెప్పులు. ఎడ్లకు వార్లు, పలుపులు. ఊళ్లో గొడ్డు చస్తే లాగాలి, మనిషి చస్తే డప్పు కొట్టాలి. ఇన్నిటికీ కలిపి కల్లం కాడ మేర. ఆ మేర కూడా వాళ్ల చేత్తో కొలిచి పోసిందే, తక్కువైందని అనే నోరు లేదు. మా తాత ఇడిచిపెట్టింది ఈ బతుకును. ఆరె ఎక్కడ పొడవాలో, తోలు ఏ వైపు సాగుతుందో ఆయనకు తెలిసిన తెలివిని ఎవరూ ఇడిచిపెట్టమనలేదు. కానీ రెండూ ఒకే మూటలో ఉన్నాయి కాబట్టి రెండూ పోయాయి. నాన్న దాకా వచ్చేసరికి ఇంట్లో ఆరె కనబడితేనే భయం. బడిలో చూసినవాళ్లు ఏమంటారోనని.

నాకు నేర్పింది మా పెద్దనాయిన. డెబ్బై దాటాయి. మోకాళ్ల వైద్యానికి ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో నెలన్నర ఉన్నాడు. నేర్పమంటే మొదటి రోజు ముఖం తిప్పుకున్నాడు. "మీ నాయిన నీ చేతికి బలపం ఇచ్చిండు. నేను ఆరె ఇయ్యాల్నా?" అన్నాడు. ఇంకొక కారణం కూడా ఉంది, అది ఆయన అనలేదు గానీ నాకు తెలుసు. మా ఇంట్లో ఆరె ఆడవాళ్ల చేతికి ఎన్నడూ రాలేదు. చెక్క దంచడం, నీళ్లు మోయడం, తోలు కడగడం మా నాయినమ్మ పని. కుట్టడం, బజారుకు పోవడం తాత పని. వాడలోనూ పనికి మెట్లుండేవి. మన గురించి మనం రాసుకునేటప్పుడు ఇది కూడా రాసుకోవాలి.

తోలు నేను చెన్నైలో కొన్నాను. సెమినార్‌కు పోయినప్పుడు పెరియమేట్‌లో, తోళ్ల దుకాణాలున్న వీధిలో. బర్రె తోలు, రెండు మిల్లీమీటర్ల మందం, చెట్టు చెక్కతో పదును చేసింది. ఈ చెక్క సంగతి తర్వాత చెప్తాను. ఇంటికి తెచ్చి పరిస్తే పెద్దనాయిన దాన్ని కళ్లతో చూడలేదు, ముందు చేత్తో చూశాడు. ఒక మూల పట్టుకుని వంచాడు, వదిలాడు. ఇంకో మూల వంచాడు. "ఇది వెన్ను, ఇది పొట్ట. తోలుకు గూడ సోయి ఉంటది బిడ్డా, ఎటు గుంజితే సాగుతదో అదే చెప్తది" అన్నాడు. వెన్ను పక్కన తోలు దట్టంగా ఉంటుంది, గుంజినా సాగదు. పొట్ట వైపు వదులు, సాగుతుంది, ముడతలు పడుతుంది. కాబట్టి భుజం పట్టీ వెన్ను వెంట పొడుగ్గా కోయాలి. పొట్ట తోలుతో పట్టీ పెడితే పుస్తకాల బరువుకు ఏడాదిలో జానెడు పొడుగవుతుంది. లోపలి అరకు, జేబుకు పొట్ట తోలు చాలు. తరగతిలో "వస్తువును బట్టి రూపం" అని నేను గంటసేపు చెప్పేదాన్ని ఆయన రెండు వంపుల్లో చెప్పాడు.

అట్ట మీద కొలతలు గీసి కోసుకున్నాను. ముందు భాగం, వెనక భాగం, రెంటి మధ్య చుట్టూ తిరిగే పట్టీ, మీద మూత. తోలు మీద ఒకసారి కత్తి పడితే పడినట్టే. బట్టలాగా రంధ్రాలు పూడవు, విప్పి మళ్లీ కుట్టినా పాత పోట్లు అట్లాగే ఉంటాయి. అందుకే ఆయన అట్టతోనే మూడుసార్లు సంచి చేయించాడు, తోలు ముట్టనీయలేదు. తర్వాత రెండు తోళ్లు కలిసే చోట అంచు పలచగా గీకాలి. దానికి రంపె. లేకపోతే అతుకు లావుగా లేచి, అక్కడే ఒరిగి, అక్కడే తెగుతుంది. రంపె తోలు మీద దాదాపు పడుకోబెట్టినట్టు నడవాలి. ఆయన గీకితే ఉల్లిపొరలా ఒకే పొర లేచేది.

ఇక కుట్టు. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో శని ఆదివారాలు తోలు పని వర్క్‌షాపులు పెట్టి, వేల రూపాయల ఫీజు తీసుకుని నేర్పే "సాడిల్ స్టిచ్" ఇదే. ఒకే దారం, రెండు కొసలు. కుట్టాల్సిన పొడవుకు దాదాపు నాలుగింతల దారం తీసుకుని మైనం పట్టించాలి. ఒక కొస ఇటు నుంచి, రెండో కొస అటు నుంచి, ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చి రెండు చేతులతో సమానంగా గుంజాలి. పెద్దనాయిన సూది కూడా వాడడు. దారం కొసలకే మైనం గట్టిగా పట్టించి, పేని, ముల్లులా చేసుకుంటాడు. ఈ కుట్టు ఎందుకు గొప్పదంటే, మిషన్ కుట్టులో పైదారం, కింది దారం మధ్యలో ఒకదానికొకటి చిక్కుకుని నిలబడతాయి. ఒకచోట ఒకటి తెగితే పక్క కుట్లు వదులై ఊడటం మొదలవుతుంది. చేతికుట్టులో ప్రతి రంధ్రంలో రెండు పేటలు పోతాయి. ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లకు ఒక పోటు చొప్పున నా సంచికి దాదాపు ఎనిమిది వందల కుట్లు పడ్డాయి. ఐదు ఆదివారాలు, 34 గంటలు. చివరికి అంచులకు నీళ్లు తడిపి గుడ్డతో రుద్దుతూ కూర్చుంటే ఆ పీచు అణిగి గాజులా మెరుస్తుంది.

ఈ కుట్టుకు సాడిల్ స్టిచ్ అని పేరెందుకొచ్చింది? గుర్రపు జీను కుట్టేవాళ్ల కుట్టు కాబట్టి. ప్యారిస్‌లో 1837లో గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టే దుకాణంగా మొదలైంది హెర్మెస్. ఇప్పుడు వాళ్ల ఒక్క సంచి లక్షల్లో ఉంటుంది, చేతికుట్టు అని గర్వంగా చెప్పి అమ్ముతారు. మా తాత ఎడ్లకు వార్లు కుట్టాడు, వాళ్లు గుర్రాలకు కుట్టారు. జంతువు తేడా తప్ప పని ఒకటే. ప్యారిస్‌లో ఆ పనిచేసినవాడి ఇల్లు ఊరి చివర లేదు, అంతే.

మధ్యలో ఒకటి చెప్పాలి. మూడో ఆదివారం మా ఇంటి ఓనర్ మేడ మీదికి వచ్చాడు. వాసన వస్తోందని కింద పోర్షన్ వాళ్లు అంటున్నారట. చెక్కతో పదును చేసిన తోలుకు వాసన ఉంటుంది, అబద్ధం కాదు. తడిసిన బెరడు వాసన. నాకైతే బాగానే ఉంటుంది. ఆయన హాల్లో ముగ్గురు కూర్చునే తోలు సోఫా ఉంది, పండగలకు బొట్లు కూడా పెడతారు. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే పెద్దనాయిన ఆరె, రంపె, గూటం తువ్వాలలో చుట్టి మంచం కిందికి తోసేశాడు. ఎవరూ చెప్పలేదు. డెబ్బై ఏళ్ల అలవాటు ఆ చేతులకు చెప్పింది. నాకు ఓనర్ మాట కంటే ఆ తువ్వాల చుట్టిన తీరు ఎక్కువ బాధ పెట్టింది. "మీ సోఫాకు కూడా ఒకప్పుడు వాసన ఉండేది సార్, ఎవరో కడిగి పంపారు" అన్నాను. ఆయన కిందికి దిగిపోయాడు. ఇల్లు ఖాళీ చేయమని ఇంకా అనలేదు. నేనైతే అడ్వాన్సు రసీదు వెతికి దగ్గర పెట్టుకున్నాను.

నేను తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మాటల దగ్గరకు వస్తాను. తోలు సంచికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. తిత్తి ఉంది, సిద్దె ఉంది. కమ్మరి కొలిమి ఊదేది తిత్తి. నూనె, నెయ్యి పోసుకునేది సిద్దె. 1852లో బ్రౌన్ నిఘంటువు నాటికే ఇవి అచ్చులో ఉన్నాయి. బావిలో తోలు బొక్కెన లేకపోతే చేనుకు నీళ్లు లేవు, కొలిమిలో తోలు తిత్తి లేకపోతే నాగలికి కర్రు లేదు. తత్వాలు పాడినవాళ్లయితే మనిషి దేహాన్నే తోలుతిత్తి అన్నారు. ఎంత మంచి పోలికో! ఇల్లిల్లూ తిరిగి పాడుకున్నారు. ఆ తిత్తి కుట్టినవాణ్ణి మాత్రం అరుగు ఎక్కనియ్యలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మొదలైన మాండలిక వృత్తి పదకోశం తెలుగుకు గొప్ప పని, అందులో నాకు అనుమానం లేదు. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. రెండోది చేనేత, 1971. మన మాటలు నేను ఇంట్లో, పెద్దనాయిన పక్కన నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోవాల్సి వచ్చింది. నలభై దాకా అయ్యాయి. ఇంకా ఉన్నాయంటాడు, పని చేస్తుంటే తప్ప గుర్తురావంటాడు. నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో దీని గురించి ఒక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేది, అలంకారాల దగ్గరే గంట గడిచింది.

ఏటా డిగ్రీ పిల్లలకు జాషువా గబ్బిలం చెప్తాను. 1941 నాటి కావ్యం. అందులో కథానాయకుడు అరుంధతి బిడ్డ, గుళ్లోకి పోలేనివాడు, గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. సందేశ కావ్యం, మేఘదూతంతో పోలిక, కరుణ రసం – పరీక్షకు ఇంతవరకు చాలు. కానీ జాషువా అక్కడ ఇంకో మాట అంటాడు. చెప్పులు కుట్టి బతికే ఈ మనిషికి దేశం అప్పుపడి ఉందంటాడు. ఎనభై ఏళ్లుగా ఆ పద్యాన్ని రాగం తీసి పాడుతున్నాం. అప్పు అన్నాక ఒక మొత్తం ఉండాలి కదా, అదెంత అని ఏ ప్రశ్నపత్రంలోనూ అడగలేదు. నేనూ తెలుగు లెక్చరర్‌నే, అడిగితే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఏమంటారో నాకు తెలుసు.

తోలు అంటే అసహ్యమనేది అబద్ధం. చేయి మారితే తోలు పవిత్రమవుతుంది. దక్షిణాఫ్రికాలో గాంధీ చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు, 1914లో అక్కడి నుంచి వస్తూ తనను జైల్లో పెట్టిన స్మట్స్‌కు ఒక జత ఇచ్చాడు. ఆ జత ఇవాళ చరిత్ర. కచేరీలో మృదంగం మోగేది ఆవు, బర్రె, మేక తోళ్ల మీదే. ఆ మృదంగాలు చేసేవాళ్ల గురించి, అందులో ఎక్కువమంది దళిత క్రైస్తవులే, టి.ఎం. కృష్ణ పుస్తకం రాస్తే, 2020లో దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న కళాక్షేత్ర తర్వాత హాలు ఇవ్వనంది. వాద్యం వేదిక మీద ఉండొచ్చు, చేసినవాడి పేరు ఉండకూడదు. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్‌లో కొల్హాపురి చెప్పులను తన సొంత డిజైన్ లాగా నడిపించింది. గొడవయ్యాక గానీ అవి ఎక్కడివో ఒప్పుకోలేదు. 2019 నుంచి వాటికి జీఐ గుర్తింపు ఉంది. అప్పుడు మన దేశంలో అందరికీ ఆ చెప్పుల మీద ప్రేమ పొంగింది, "మన సంస్కృతి" అన్నారు. ఆ చెప్పులు కుట్టేవాళ్ల కులం పేరు ఆ "మన"లో ఎంతమంది నోట వచ్చింది?

అదే తోలు మన చేతిలో ఉంటే? 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నవాళ్లను కారుకు కట్టి కొట్టారు. అది దేశమంతా తెలుసు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిపోయిన ఆవు తోలు తీయడానికి పోయిన అన్నదమ్ములిద్దరిని గోరక్షకుల పేరుతో చావబాదారు. మన పిల్లల్లోనే చాలామందికి అది గుర్తులేదు. లాగకపోతే ఊరు ఊరుకోదు, లాగితే గుంపు ఊరుకోదు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన గొడ్లను ప్రభుత్వ ఆఫీసుల ముందు పడేసి "మీ అమ్మను మీరే చూసుకోండి" అన్నట్టు ఇంటికి పోయారు. 1956 నాగపూర్ జవాబే అది, ఇంకో రూపంలో.

ఇక చెక్క సంగతి. దక్షిణాదిలో తోలు పదును చేయడానికి తరతరాలుగా వాడింది తంగేడు చెక్క. తమిళంలో ఆవారం అంటారు. మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయిన తోళ్లకు పేరు తెచ్చింది ఆ చెక్కే. సున్నం గుంతలో నానబెట్టి, బొచ్చు రాలగొట్టి, లోపలి మాంసం పొర గీకి, కడిగి, అప్పుడు తంగేడు చెక్క దంచి ఊరబెట్టిన రసంలో వేసేవాళ్లు. లంద అంటే అదే. క్రోమియంతో ఒకటి రెండు రోజుల్లో అయ్యేది, చెక్కతో వారాలు పడుతుంది. మన దేశంలో చాలా ఊళ్లలో ఇంకో పద్ధతి ఉండేది: తోలునే చుట్టూ కుట్టి సంచిలా చేసి, అందులో చెక్క, రసం నింపి కొమ్మకు వేలాడదీసేవాళ్లు. రసం తోలులోంచి ఊరుతూ బయటికి చుక్కలు చుక్కలుగా పడేది, కింద కుండలో పట్టి మళ్లీ పోసేవాళ్లు. అంటే మొదటి సంచి తోలుతో చేసింది కాదు, తోలే సంచి. రసాయన శాస్త్రంలో దీన్ని టానిన్లు, ప్రోటీన్లు అని చెప్తారు. మా నాయినమ్మ ఆ రసం వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకుని, వగరు చాలిందో లేదో చెప్పేదట.

తంగేడు పువ్వు ఇప్పుడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో తంగేడు లేకపోతే బతుకమ్మే కాదు. పువ్వు ఊరి నడుమ ఆడింది, చెక్క వాడ చివర లందలో నానింది. చెట్టు ఒకటే. పువ్వు మీద ఎన్ని వ్యాసాలు చదివానో లెక్కలేదు. నేనూ రాశాను. చెక్క మీద రాయడం ఇదే మొదలు.

సరే, ఇంత చెప్పాక "అయితే మళ్లీ మన వృత్తికి పోదామా?" అనే ప్రశ్న వస్తుంది. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం పెట్టింది. 18 వృత్తులు, అందులో చెప్పులు కుట్టడం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. డబ్బు అవసరమున్నవాళ్లు తీసుకోండి, అది మీ హక్కు, నేను వద్దనను. కానీ ఆ పథకం మాటల్లోనే గురు శిష్య పరంపర, కుటుంబ వృత్తి అని ఉంది. కుటుంబంలో వచ్చే వృత్తి అంటే మన దేశంలో ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2024లో తమిళనాడు ప్రభుత్వం ఆ షరతు మీదే ఈ రూపంలో అమలుకు ఒప్పుకోలేదు. వాళ్లకు పాత గాయం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ, పిల్లలకు సగం పూట బడి, మిగతా సగం ఇంటి పని అని పథకం పెడితే, ద్రవిడ ఉద్యమం దానికి కులవిద్య అని పేరు పెట్టి ఏడాదిలో ఎత్తివేయించింది.

కాబట్టి నేను ఆ తమ్ముడికి చెప్పేదిది. మాదిగ పిల్లవాడు తోలు పనే చేయాలి అన్నవాడు మనకు శత్రువు. మాదిగ పిల్లవాడు తోలు ముట్టకూడదు, ముడితే పరువు పోతుంది అన్నవాడు ఆ శత్రువు లెక్కనే మన ఇంట్లో పాటిస్తున్నాడు. రెండోవాడు మనవాడే కాబట్టి నెమ్మదిగా చెప్పాలి. హైదరాబాద్‌లో ఫుట్‌వేర్ డిజైన్ సంస్థ ఉంది, ఫ్యాషన్ సంస్థ ఉంది, లక్షల ఫీజులున్నాయి. అక్కడ మా పెద్దనాయిన లాంటివాళ్లను ఏడాదికోసారి పిలిచి శాలువా కప్పి ఫొటో దిగడం కాదు, నెల జీతం మీద మాస్టర్‌గా పెట్టుకోవాలి. అందరి పిల్లలూ ఆ మాస్టర్ ముందు కింద కూర్చుని నేర్చుకోవాలి. ముంబయిలో సుధీర్ రాజ్‌భర్ తన సంచుల బ్రాండుకు చమార్ అనే పేరే పెట్టాడు. మహారాష్ట్రలో 2015 గోమాంస నిషేధం తర్వాత తోలు పని పడిపోతే, ధారావి చేతులతో వాడేసిన రబ్బరుతో సంచులు చేయించాడు. తిట్టుగా వాడిన పేరును లేబుల్ మీద అచ్చు వేసి ధర పక్కన పెట్టడం నాకు నచ్చింది.

ధర అన్నాను కదా. మొత్తం వ్యవహారం అక్కడే ఉంది. సంచి పూర్తయ్యాక దీనికి ఎంత పెట్టొచ్చు అని పెద్దనాయినను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేను ఎన్నడూ ధర చెప్పలే బిడ్డా. వాళ్లు ఇచ్చిందే ధర. ఊళ్లె చెప్పుల జత తీస్కపోయి 'ఏందిరా ఇంతేనా' అని తిట్టిపోతరు గాని, ఎంత అని అడగరు" అన్నాడు. యాభై ఏళ్లు పని చేసిన మనిషి. కొలత తెలుసు, కుట్టు తెలుసు, ధర చెప్పడం ఒక్కటి తెలియదు. తెలియనివ్వలేదు. ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. తోలు, దారం, బకిల్స్ కలిపి 1,900. నా చేతికి ఇంకా వేగం లేదు, 34 గంటలు పట్టాయి. ఆయన చేస్తే పద్నాలుగు గంటల్లో అవుతుందన్నాడు. గంటకు ఎంత అంటే మళ్లీ మౌనం. "నీకు కాలేజీల గంటకు ఎంత ఇస్తరు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వాడు. తర్వాత, "అండ్ల సగం రాయి" అన్నాడు. ఎందుకు సగం అని నేను వాదించాను, ఆయన ఒప్పుకోలేదు. అదొక్కటి ఆయనతో గెలవలేకపోయాను. 8,000 దగ్గర ఆగాం.

వారం తర్వాత మా కాలేజీలో ఒక సహోద్యోగి, మంచివాడే, ప్రగతిశీల సంఘంలో కూడా ఉన్నాడు, "నాకూ ఒకటి కుట్టించి పెట్టండి మేడం, తోలు డబ్బులు ఇచ్చేస్తాను" అన్నాడు. తోలు డబ్బులు! పనికి ధర ఉంటుందని ఆయనకు తోచలేదు. ఇడ్లీ తిని పిండి డబ్బులిస్తానంటాడా హోటల్లో? ఎనిమిది వేలు అన్నాను. "బజార్లో పదిహేను వందలకు వస్తుంది కదా" అన్నాడు. అక్కడే కొనుక్కోండి సార్, ఏమీ అనుకోను అన్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు వచ్చి, కొంచెం తగ్గించరా అన్నాడు. తగ్గించలేదు. అడ్వాన్సు ఇచ్చాడు, ఆ డబ్బు ఫోన్‌లో పెద్దనాయిన ఖాతాకు పంపాను. పని మొదలైంది.

వచ్చే ఆదివారం నుంచి నాలుగు వారాలు మా ఇంట్లో పెద్దనాయిన నేర్పుతాడు. ఆరుగురికే చోటు. ఆడపిల్లలకు ముందు. మాదిగ పిల్లలే రావాలని లేదు, ఎవరైనా రావచ్చు, కింద కూర్చోవాలి. తోలు నేను తెప్పిస్తున్నాను, ఆరె, దారం ఇక్కడే ఉంటాయి, నోట్‌బుక్ మీరు తెచ్చుకోండి. ఫీజు ఎంతన్నది నేను చెప్పను, ఆయనే చెప్తాడు, ఇప్పుడు చెప్పడం వచ్చింది. డబ్బు నాకు పంపొద్దు, ఆయన చేతికే ఇవ్వండి. ఓనర్ కింద గేటు దగ్గర ఎక్కడికని అడుగుతాడు. ట్యూషన్‌కు అనొద్దు, తోలు పని నేర్చుకోవడానికి అనండి.